కాగితంలో లేని కాఫీ

మావయ్య పోయిన కబురు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. తోట కావలివాడు ఫోన్ చేసి చెప్పాడు. మా ఆయన చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఆగిపోయింది. "అయ్యో" అన్నారు. ఆ అయ్యో నిజమైనదే. ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఏ అయ్యో నిజమో ఏది మర్యాదకో నాకు తెలుస్తుంది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, నీళ్ళు తాగి, "అగ్రిమెంటు వారసులకి కూడా వర్తిస్తుందని రాసుకున్నాంలే, ఇబ్బంది లేదు" అన్నారు. అదీ నిజమే.

నేను కంచం తీసుకుని లేచిపోయాను. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టలు తీస్తూ ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ తాడు మీద చెయ్యి వేశాను. సిగ్గుతో నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. మేం బట్టలు ఆరేసుకునే ఆ కొబ్బరి తాడు మావయ్య తెచ్చి ఇచ్చిందే. అది మా పెరట్లోకి ఎందుకొచ్చిందో చెప్పాలంటే, ముందు మావయ్య మా పెరట్లోకి ఎలా వచ్చేవారో చెప్పాలి.

మావయ్య మాకు చుట్టం కాదు. మా పలాస వైపు ఏ ఇద్దరు మనుషులు రెండోసారి కలిసినా బావో మావో అయిపోతారు. మా ఆయన ఆయన్ని "మావా" అన్నారు కాబట్టి నాకు మావయ్య అయ్యారు. ఆయనకి నేను కోడలమ్మనయ్యాను. పిలవడం తేలికే. పిలిచిన వరసకి తగ్గట్టు నడుచుకోవడం దగ్గరే మాలాంటి వ్యాపారస్తుల ఇళ్ళు తేలిపోతాయి.

మాది కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అని మేం గొప్పగా అంటాం గానీ, ఒకే ప్రహరీలో ముందు ఆఫీసు గది, పక్కన షెడ్డు, వెనక మా ఇల్లు, మధ్యలో పిక్కలు ఆరబోసే కళ్ళం. అంతే. జీడి పిక్కలు కాల్చే వాసన మా చీరలకీ, పిల్లల పుస్తకాలకీ, దేవుడి పటాలకీ కూడా పట్టేసింది. పిక్కలు ఉద్దానం తోటల నుంచి వస్తాయి. కొన్ని కొంటాం. కొన్ని తోటల్ని పూత మీదే కౌలుకి తీసుకుంటాం, అంటే ఆ ఏడాది పంటంతా మాది. మావయ్య తోట అలా తీసుకున్నదే. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే, ఇసక నేలలో, కొబ్బరి చెట్ల మధ్య ఉన్న చిన్న జీడితోట అది.

మావయ్య ఎప్పుడూ ఆఫీసు గుమ్మంలోంచి వచ్చేవారు కాదు. వెనక పెరటి గేటు దగ్గర చెప్పులు విడిచి, "కోడలమ్మా, ఉన్నావేటి?" అని ఒక కేక వేసి, నేను పలికేదాకా అవతలే నిలబడేవారు. గేటు బార్లా తీసే ఉండేది. అయినా సరే, లోపల్నించి మాట వినిపిస్తేనే అడుగు లోపలికి. ఎవరి ఇంటికైనా, ఎవరి పొలంలోకైనా, ఆఖరికి కిళ్ళీ బడ్డీ ముందు నీడలోకైనా అడగకుండా వెళ్ళడం ఆయన వల్ల అయ్యేది కాదు.

"రండి మావయ్యా, ఇది మీ ఇల్లు కాదా?" అనేదాన్ని.

"మా ఇల్లయినా అడిగే ఎల్తాను తల్లీ. లోపల మీ అత్త ఏ పనిలో ఉంటాదో ఏటో" అనేవారు.

గేటు నుంచి మా వంటింటి గుమ్మానికి రావాలంటే కళ్ళం దాటాలి. వేసవిలో అక్కడ పిక్కలు రాశులుగా పోసి ఉండేవి. అక్కడికొచ్చేసరికి మావయ్య మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. రేవులో ఆడవాళ్ళు స్నానం చేస్తుంటే మగవాళ్ళు తల తిప్పుకుని పోతారే, అచ్చం అలాగే. మొదట్లో నేను అదేదో ఆయన తరహా అనుకున్నాను. ఆ రాశుల్లో ఆయన తోట పిక్కలు కూడా ఉన్నాయని నాకు తట్టడానికి చాలా కాలం పట్టింది.

చంకలో గుడ్డసంచి. అందులో ఏదో ఒకటి ఉండాల్సిందే. పనసకాయో, ములక్కాడలో, కొబ్బరికాయలో, ఒకసారైతే తాటాకు బుట్ట నిండా నేరేడుపళ్ళు. వంటింటి గుమ్మం పక్కన దించి, "ఇది కాగితంలో లేదు కోడలమ్మా, తీసుకో" అనేవారు. మేం రాయించుకున్న అగ్రిమెంటులో ఉన్నది జీడి పంట ఒక్కటే. పనస ఆయనది, ములగ ఆయనది. మొదటిసారి ఆ మాటకి పడీ పడీ నవ్వాను. పోను పోను నవ్వు రావడం మానేసింది. ఆయన మాత్రం ప్రతిసారీ అదే మాట అని, అలాగే నవ్వేవారు.

ఇక కాఫీ. నా చేతి కాఫీకి మా వీధిలో పేరుంది. నాకున్న గొప్ప అదొక్కటే, చెప్పుకోనివ్వండి. మా పుట్టిల్లు రావివలస. ఎండల మల్లన్న దర్శనానికని వచ్చి మా ఇంట్లో దిగబడే చుట్టాలకి కాఫీలు కలిపి కలిపి, పరికిణీలు కట్టుకునే వయసుకే నా చెయ్యి తిరిగిపోయింది. మావయ్య గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ముందు వాసన చూసి, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగి, "కోడలమ్మ సెయ్యే వేరు" అనేవారు. ఇంకాస్త పోద్దామని వెళ్తే గ్లాసు మీద అరచెయ్యి మూతలా పెట్టేసేవారు. ఎంత బతిమాలినా ఆ చెయ్యి లేచేది కాదు. పిక్కల సొన అంటి కాలిన పాత మచ్చలు ఉండేవి ఆ చేతి మీద.

"సాలు తల్లీ. మల్లీ వత్తాను గదా."

ఆ పెద్ద తుపాను ఉద్దానాన్ని తుడిచిపెట్టిన ఏడాది, మావయ్య తోటలో సగం చెట్లు వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. నిలబడ్డ సగాన్ని మా ఆయన కౌలుకి తీసుకుని ముందుగానే డబ్బిచ్చారు. అప్పుడు ఇంకెవరూ ఇవ్వలేదు, మేం ఇచ్చాం. ఆ మాట మా ఆయన ఇప్పటికీ అంటారు, అందులో అబద్ధం లేదు. ఆ డబ్బుతో మావయ్య, చెట్లు పడిపోయిన గుంటల్లో కొత్త జీడి మొక్కలు నాటారు. ఇసకలో నీళ్ళు నిలవవు కదా, బిందెలతో మోసి మోసి పోశారట. మెడ మీద కాయ కాసింది.

అంతకుముందు కౌళ్ళన్నీ నోటి మాట మీదే నడిచేవి. తుపాను తర్వాత బ్యాంకువాళ్ళు కాగితాలు చూపించమన్నారని మా ఆయన అందరి దగ్గరా అగ్రిమెంట్లు రాయించుకున్నారు. టెక్కలిలో టైపు చేయించారు. కౌలు ఒక ఏడాదికి. ఆఖర్న ఒక షరతు ఉంది. "గడువు ముగియుటకు మూడు నెలల ముందుగా రిజిస్టర్డ్ పోస్టు ద్వారా లిఖితపూర్వకముగా తెలియజేయని యెడల, ఈ ఒప్పందము అవే షరతులపై, అదే ధరకు, మరియొక సంవత్సరమునకు దానంతట అదియే పొడిగింపబడినట్లు భావించవలెను." ఇది టైపు చేసే అతని కంప్యూటర్లో ముందే ఉన్న నమూనా. దుకాణం అద్దెకైనా, గోడౌనుకైనా, తోటకైనా అతను ఇదే కొట్టి ఇస్తాడు. మా ఆయన కావాలని పెట్టించింది కాదు. తర్వాత కావాలని ఉంచుకున్నారు.

మా వైపు తోట కౌలు ఎప్పుడు తీరుతుందంటే, పాక దించినప్పుడు. పూత వచ్చే వేళకి కౌలుదారు తోటలో కావలి పాక వేయిస్తాడు. కోతలయ్యాక తోట ఆసామి ఆ పాక దించి, కట్టిన తాడు విప్పి, శుభ్రంగా చుట్ట చుట్టి, స్వయంగా కౌలుదారు ఇంటికి తెచ్చి ఇస్తాడు. తాడు ముట్టిందంటే కౌలు అయిపోయినట్టే. మళ్ళీ కావాలంటే కౌలుదారే ఆ తాడు పట్టుకెళ్ళి, ఆసామి గుమ్మంలో నిలబడి, "ఈ ఏడూ మాకే ఇస్తారా?" అని అడగాలి. ఇవ్వాలనుకుంటే ఆసామి తాడు పుచ్చుకుంటాడు. ఇష్టం లేకపోతే మజ్జిగ ఇచ్చి పంపుతాడు. మా మావగారు, అంటే మా ఆయన తండ్రి, బతికున్నంత కాలం ఏటా తాడు భుజాన వేసుకుని ఉద్దానం అంతా తిరిగేవారు. పెద్ద వ్యాపారస్తుడు, అయినా అడుక్కునేవాడిలా నిలబడడానికి నామోషీ పడేవారు కాదు.

మొదటి ఏడాది కోతలయ్యాక మావయ్య పాక దించి తాడు తెచ్చి ఇచ్చారు. గుమస్తా పుచ్చుకుని పెరట్లో మేకుకి తగిలించాడు. మార్గశిరంలో మా మనుషులు కొత్త తాడు కొనుక్కెళ్ళి, ఎవర్నీ అడక్కుండా, తోటలో మళ్ళీ పాక వేసేశారు. మర్నాడు పొద్దున్నే మావయ్య వచ్చారు.

"బావూ, పాక దించీసాను గదా. తాడు కూడా ఇచ్చీసాను. మల్లీ ఏసీసేరేటి?"

మా ఆయన నవ్వుతూ కుర్చీ చూపించారు. "కూర్చో మావా. అగ్రిమెంటు ఉంది కదా. మూడు నెలల ముందు రిజిస్టర్ పోస్టులో వద్దని నువ్వు రాయలేదు. అందుకని దానంతటదే రెన్యువల్ అయిపోయింది."

"దానంతటదేనా?"

"దానంతటదే."

"సరే బావూ. కాగితం దానంతటదే కొత్తదవుతాది. పాక దానంతటదే లెగుత్తాదేటి? మనిసెల్లి ఎయ్యాల గదా. ఆ ఎల్లిన మనిసి నన్నొక మాట అడగొచ్చు గదా."

గుమస్తా కిసుక్కుమన్నాడు. మా ఆయనా నవ్వారు. కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నేనూ నవ్వాను. మావయ్య మా ముగ్గురి మొహాలూ వరసగా చూశారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన హాస్యానికి అనలేదని.

"ఈ ఏడు తోట నా సేతిలో ఉంచుకుందామనుకున్నాను బావూ. కొత్త మొక్కలు రేపో మాపో కాపుకొత్తాయి. తొలికాపు నా సేత్తో కొయ్యాలనీసి ఆశ."

"వాటికింకా టైముంది కదా మావా. ఈ ఏడు గడవనీ, చూద్దాం" అన్నారు మా ఆయన.

మావయ్య కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ పూట మా ఆయన లోపలికొచ్చి, "మావకి కాఫీ ఇచ్చావు కదా? ఎప్పుడొచ్చినా ఇవ్వు. మంచి మనిషి. నీ కాఫీ తాగినవాడు మన మీదికి ఉత్తరాలు పంపడు" అన్నారు. నా కాఫీని మెచ్చుకున్నారని పొంగిపోయాను. తలుచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతాయి.

అక్కడ్నించి ఏటా ఇదే వరస. కోతలయ్యాక మావయ్య పాక దించి తాడు తెచ్చేవారు. "ఈ ఏటితో సాలు బావూ" అని నోటితో చెప్పేవారు. మా ఆయన "చూద్దాం మావా" అనేవారు. నేను కాఫీ ఇచ్చేదాన్ని. మార్గశిరంలో తీరే గడువుకి మూడు నెలల ముందంటే వినాయక చవితి, అది దాటిపోయేది. రిజిస్టర్ పోస్టు రాదు కాబట్టి కాగితం దానంతటదే కొత్తదయ్యేది. పిక్కల ధర పెరిగినా కౌలు ధర పెరగలేదు, అదే ధరకని ఉంది కదా. మేకు మీద తాడు చుట్టలు పెరిగాయి. మా పాత దండెం తెగిపోయినప్పుడు పనిమనిషి వాటిలో ఒకటి తీసి కట్టేసింది. గట్టి తాడు, వానకీ ఎండకీ తట్టుకుంది. నేనూ చూసి ఊరుకున్నాను.

కొత్త చెట్లు కాపుకొచ్చిన ఏడాది, తోట కావలివాడు ఆఫీసుకొచ్చి ఒక కథ చెప్పాడు. ముసలాయన మనవరాలిని ఎత్తుకుని పాక దగ్గరికొచ్చి, "ఒక పండు కోసుకోవచ్చా బావూ, పిల్ల ఏడుత్తంది" అని అడిగాడట. తను నాటిన చెట్టు. తను నీళ్ళు మోసిన చెట్టు. కాగితంలో "తోటలోని సమస్త జీడి చెట్లు" అని ఉంది కాబట్టి అవీ మావే. కావలివాడు ఆయన గొంతు అనుకరించి మరీ చెప్పాడు. ఆఫీసులో అందరూ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. "ఇవ్వండ్రా, ఎన్ని కావాలంటే అన్ని కోసుకోమనండి. మావని ఏమీ అనకండి" అన్నారు. వాళ్ళ నవ్వు నేను భరించాను. ఆ దయ భరించలేకపోయాను.

ఆ రోజే అడిగాను. "ఆయన తోట ఆయనకి వదిలెయ్యొచ్చు కదా?"

"నేనెక్కడ పట్టుకున్నాను? ఒక్క ఉత్తరం ముక్క పంపమను. మర్నాడే వదిలేస్తాను" అన్నారు.

ఆ మాటలో ఎక్కడా పట్టుకోవడానికి పిడి లేదు.

ఇదే మనిషికి ఒకసారి ఆఫీసు కంప్యూటర్లో లెక్కల సాఫ్ట్‌వేర్ వాళ్ళు అడక్కుండా ఏడాది చందా బ్యాంకులోంచి లాగేశారు. ఫోన్లో అవతలి అమ్మాయి మీద మా ఆయన అరిచిన అరుపులకి షెడ్డులో పప్పు ఒలిచే ఆడవాళ్ళు చేతులాపి విన్నారు. "నన్నడక్కుండా ఎలా తీసుకుంటారండీ? మనిషన్నవాడు ఒక మాట అడగాలా వద్దా?" అవతలి అమ్మాయి ఏదో షరతు చదివి వినిపించినట్టుంది. మా ఆయన ఫోన్ బల్ల మీద పడేశారు. నేను మజ్జిగ ఇచ్చాను. మావయ్య గుర్తొచ్చారని చెప్పాను. "దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నారు, నిజంగానే అర్థం కాక.

ఇక ఉండబట్టలేక, ఒక శ్రావణంలో మావయ్య వచ్చి వెళ్తుంటే గేటు దాకా వెంట వెళ్ళాను. షెడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాను. "మావయ్యా, వద్దని ఒక ఉత్తరం రాసి రిజిస్టర్ పోస్టులో పడెయ్యండి. చవితి లోపల అందాలి. అప్పుడు ఈయన ఏమీ అనలేరు."

చెప్పులో పెట్టబోయిన కాలు మావయ్య వెనక్కి తీసుకున్నారు. "తెలుసు కోడలమ్మా. టెక్కలి కోర్టు కాడ ప్లీడరు బాబు ఎప్పుడో సెప్పినాడు. తనే రాసిత్తానన్నాడు."

"మరి ఎందుకు పంపలేదు?"

"రిజిస్టరు కవరు నా బతుక్కి ఒక్కలికే పంపేను తల్లీ. మా అన్నకి. గట్టు కాడ తగువొచ్చి. అది అందుకున్న కాడ్నించి ఆడు నాతో పలకనేదు. మజ్జలో ఒకటే గోడ. అటేపు ఆడు, ఇటేపు నాను. పోయే ముందు సూద్దామని ఎల్తే నన్ను రానివ్వొద్దన్నాడు. గట్టు నాకే వచ్చీసింది. ఏటి సేసుకోను?" ఆయన గేటు చువ్వ పట్టుకున్నారు. "నీ సేతి కాఫీ తాగి, నీ ఇంటికి రిజిస్టరు పంపీసి, ఆ మీద ఈ గేటు కాడ నిలబడి కోడలమ్మా అని ఏ మొకంతో పిలుత్తాను? సిగ్గు గాదేటి? నోటితో ఏటేటా సెప్తన్నాను గదా. ఇనే మనిసికి అది సాల్దేటి?"

మావయ్య వెళ్ళిపోయాక చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను. మా ఆయన రాయించిన షరతుని నిలబెడుతున్నది స్టాంపు పేపరు కాదు, నా డికాషను. నేను కాఫీ ఇవ్వడం మానేస్తే ఆయనకి మా మీద కోపం వస్తుంది. కోపం వస్తే ఉత్తరం పంపుతారు. తోట ఆయన చేతికొస్తుంది. ఇంత సులువు. ఈసారి వస్తే కాఫీ ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మళ్ళీ వచ్చారు. సంచిలోంచి కంద తీసి, "కాగితంలో లేదు" అన్నారు. నేను మొహం ముడుచుకుని "అక్కడ పెట్టండి" అన్నాను. ముక్కాలి పీట మీద కూర్చున్నారు. నేను పొయ్యి వెలిగించలేదు. పనున్నదానిలా గిన్నెలు ఇటువి అటు, అటువి ఇటు పెట్టాను. ఆయన వానల గురించి మాట్లాడారు, అత్త మోకాళ్ళ గురించి మాట్లాడారు. చివరికి లేచి, "ఒంట్లో బావులేదేటి కోడలమ్మా? మొకం అలా ఉన్నాది. తొంగో కాసేపు. నానెల్లొత్తాను" అన్నారు. అంత నిజంగా అడిగారు ఆ మాట. "ఉండండి మావయ్యా, పాలు పెడుతున్నా" అని నా నోరే అనేసింది. ఎప్పటికన్నా చిక్కగా కలిపాను. నా ఇంటికొచ్చిన మనిషిని వట్టి నోటితో పంపే ధైర్యం నాకు లేకపోయింది. ఆ ఏడూ ఉత్తరం రాలేదు.

ఈ ఆషాఢంలో పోయారు.

పరామర్శకి మా ఆయన ముందే వెళ్ళొచ్చారు. నేను తర్వాత ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. ఇల్లు చిన్నది, ముందు అరుగు, వెనక తోట. అత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "నీ కాఫీ గురించి సెప్పీవోడమ్మా" అని ఏడ్చింది. నేను తల ఎత్తలేకపోయాను. అరుగు మీద దూలానికి తాడు చుట్ట వేలాడుతోంది. కోతలయ్యాక ఈ ఏడూ పాక దించి చుట్టారు, మంచాన పడి మా ఇంటికి తేలేకపోయారు.

మావయ్య కూతురు నాకంటే చిన్నది. అత్త మోకాళ్ళు పోయిన దగ్గర్నుంచీ మొగుడూ పిల్లతో ఇక్కడే ఉంటోంది. ఎప్పుడు కలిసినా "అక్కా" అని చెయ్యి పట్టుకునేది. ఆ రోజు పట్టుకోలేదు. పక్కకి పిలిచి, ఎవరూ వినకుండా, "చవితి లోపల రిజిస్టర్ పోస్టు పంపు. నాన్నగారు చెయ్యనిది నువ్వు చెయ్యి" అన్నాను.

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. "బావ పంపేరా నిన్ను?"

"లేదు, లేదు. నేనే..."

"పంపితే మంచిదే. తోట మల్లీ ఇత్తారా అని ఇన్నాళ్ళకి ఎవులో ఒకరు అడిగినట్టవుతాది అనుకున్నాను." ఆ మాట అనేసి లోపలికెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దారి పొడుగునా సరుగుడు తోటలు, వెనకనించి సముద్రం హోరు. నేను చేసే మంచిపని కూడా చాటుగా, ఎవరూ చూడకుండా చేయడమే నాకు అలవాటైపోయిందని ఏడుపొచ్చింది.

కర్మలన్నీ అయ్యాక, చవితి ఇంకా ముందుండగా, ఒక మధ్యాహ్నం మా పెరటి గేటు చప్పుడైంది. కేక లేదు. ఎవరూ "ఉన్నావేటి" అనలేదు. చూస్తే మావయ్య కూతురు, చెప్పులతో తిన్నగా నడిచి వస్తోంది. షెడ్డు ముందు పేర్చిన పిక్కల బస్తాల దగ్గర ఆగింది. మొహం తిప్పుకోలేదు. బస్తాలన్నీ పైనుంచి కిందికి తీరిగ్గా చూసి అప్పుడు గుమ్మంలోకి వచ్చింది.

చేతిలో తాడు చుట్ట ఉంది. "నాన్న సుట్టినాడు. ఇచ్చీమన్నాడు" అంది. గుమస్తాని పిలవలేదు నేను. రెండు చేతులా పుచ్చుకున్నాను. మేకుకి తగిలించబోతే, ఆమె కళ్ళు దండెం మీద ఆరుతున్న మా బట్టల మీద పడ్డాయి. ఆ తాడు గుర్తుపట్టింది.

కూర్చోమన్నాను. పీట మీద కూర్చుంది. లోపలికెళ్ళి, కాఫీ కలిపి, తెచ్చి ఆమె పక్కన స్టూలు మీద పెట్టాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలీదు. ఆమె గ్లాసు వంక చూసింది. పైకి లేస్తున్న ఆవిరి మీద అరచెయ్యి మూతలా పెట్టేసింది. తండ్రి చెయ్యే అది, సొన మచ్చలతో సహా.

"కాఫీ వద్దక్కా" అంది. "తాగితే ఉత్తరం పంపలేను."

చాలా రోజులకి అక్కా అంది. తాగమని నేను అనలేదు.

సంచిలోంచి మడత పెట్టని పొడుగు కవరు తీసింది. లోపల ప్లీడరు రాసిచ్చిన కాగితం ఉంది. "పోస్టాఫీసుకి ఇట్నించే ఎల్తాను. పైన బావ పేరు రాయాలా, ఫ్యాక్టరీ పేరు రాయాలా?"

"రెండూ రాయి" అన్నాను. "ఒక్క ఫ్యాక్టరీ పేరే రాస్తే అందలేదని అంటారు."

నా ఎదురుగానే, ఒళ్ళో సంచి మీద కవరు పెట్టుకుని రాసింది. మా ఇంటి నంబరు చెప్పాను, వీధి చెప్పాను, పిన్‌కోడ్ చెప్పాను. మా ఆయన పేరు ముందు శ్రీ అని కూడా రాసింది. గేటు దాటేటప్పుడు వెనక్కి తిరిగి, "ఎల్లొత్తానక్కా" అంది. మళ్ళీ వస్తుందో రాదో నాకు తెలీదు. ఆమె వెళ్ళిన తర్వాత దండెం మీది బట్టలు తీసి, తాడు విప్పి, చుట్ట చుట్టి, మిగిలినవాటి పక్కన తగిలించాను. స్టూలు మీది గ్లాసు మాత్రం తియ్యలేదు.

సాయంత్రం మా ఆయన లోపలికొచ్చారు. తడిబట్టలు కుర్చీల మీద ఆరేసి ఉండడం చూశారు. స్టూలు మీద మీగడ కట్టిన గ్లాసు చూశారు.

"ఎవరొచ్చారు?"

"మావయ్య కూతురు."

"అలాగా. కాఫీ ఇచ్చావా?"

"ఇచ్చాను" అన్నాను. "తాగలేదు."